ఆమెకి ఎవరు పాడారు?

సోమవారం నుంచి నేను మళ్ళీ ఆఫీస్‌కి వెళ్ళాలి. పాపని చేర్చిన డేకేర్ వాళ్ళు, నిద్రపుచ్చేటప్పుడు వినిపించడానికి అమ్మ గొంతుతో ఒక జోలపాట రికార్డ్ చేసి పంపమన్నారు. కాన్పయ్యాక నా గొంతు బొంగురుపోయింది, పై స్వరం దగ్గర చీలిపోతోంది. సాయంత్రమంతా పాడటం, చెరిపేయడం చూసి మా ఆయన విసుక్కున్నారు.

"ఇంకెన్నిసార్లు డిలీట్ చేస్తావ్? ఏదో ఒక సినిమా పాట డౌన్‌లోడ్ చేసి పంపెయ్. ఎవరు పాడారో దానికేం తెలుస్తుంది?"

ఆ మాటకి పెళ్ళయి అమెరికాలో ఈ నోవై ఊరికి వచ్చిన మొదటి చలికాలం గుర్తొచ్చింది. డిపెండెంట్ వీసా మీద వచ్చిన నాలాంటివాళ్ళకి ఆ రోజుల గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఉద్యోగం చేయకూడదు, డ్రైవింగ్ రాదు, కిటికీ అవతల మంచు తప్ప మనిషి కనిపించడు. పై ఫ్లాట్‌లో ఉండే జపాన్ ఆవిడ, కార్ల కంపెనీ ఇంజనీరు భార్య, మధ్యాహ్నాలు నన్ను పిలిచి, టీ ఇచ్చి, వాళ్ళ పాత నలుపు తెలుపు సినిమాలు చూపించేది. అన్నిట్లోనూ ఒకే నటి. ఆమె పడవ మీద నిలబడి పాడుతుంటే నేను మురిసిపోయి, ఆమెకి ఎవరు పాడారు అని అడిగాను. మన సినిమాలు చూసి పెరిగినవాళ్ళు ఇంకేం అడుగుతారు? ఆవిడకి ప్రశ్నే అర్థం కాలేదు. మా దగ్గర పెదవులు ఒకరివి, పాట ఇంకొకరిది అని వివరించాను.

"పాపం, మీ హీరోయిన్లకి గొంతు లేదా?"

"ఒక్కోసారి మాటలు కూడా అరువేనండీ" అంటే టీ పొలమారేలా నవ్వింది.

ఆ నటి చిన్నతనంలోనే హోటళ్ళలో పాడుతూ స్టూడియో వాళ్ళ కంట పడిందట. కొన్నేళ్ళపాటు ఆమె పాట ఉంటే చాలు, హాలు నిండేదట. బిడ్డ పుట్టాక గొంతు మందగించింది. వేరే అమ్మాయి చేత పాడిస్తామంటే ఒప్పుకోలేదు. దాంతో పెద్ద వేషాలు పోయి అక్క వేషాలు, అమ్మ వేషాలు మిగిలాయి, చివరికి చిన్న ఊళ్ళలో కచేరీలు. ఆ చివరి సినిమాల్లో ఒకదానిలో బియ్యం కడుగుతూ, వీపున బిడ్డని కట్టుకుని పాడుతుంది. గొంతు చీలింది, ఆమె ఆగలేదు. పంతానికి పోయి బంగారంలాంటి అవకాశాలు పోగొట్టుకుంది కదా అన్నాను, ఆ వయసు తెలివితో.

"ఆమె కూతురికి తెలిసిన గొంతు అదే కదా" అంది ఆవిడ.

ఇందాక పాప పడుకున్నాక, చీలిన చోట ఆపకుండా చివరిదాకా పాడి, మళ్ళీ వింటే మనసు మారుతుందని వినకుండానే పంపేశాను.

ఆవిడ భర్తకి బదిలీ అయి ఎప్పుడో వెళ్ళిపోయింది. అప్పట్లో రోజంతా తీరికే, పని లేదని ఏడ్చేదాన్ని. ఇప్పుడు పనికి లోటు లేదు. సోమవారం మధ్యాహ్నం నా పాట పాప పక్కన ఉంటుంది, నేను మీటింగ్‌లో ఉంటాను.