కారిమంగళం దారిలో మోడం

కంబైనల్లూరు నుంచి వెల్లిచందైకి కోడలిగా వచ్చిన మొదటి ఏడాది, బస్సులో కారిమంగళం బడికి పాఠాలు చెప్పడానికి పోయి వస్తూ మబ్బులను ఫోటోలు తీయడం అలవాటు చేసుకున్నాను. నా చేతిలో ఉన్నది చిన్న సెల్‌ఫోను. సగం ఫోటోల్లో కిటికీ ఊచో, పక్కామె కొంగో పడేది. అయినా సాయంత్రం ఇంటికి రాగానే మా ఆయనకు అన్నీ చూపించేదాన్ని. ఆయన చూసి మామ చేతికి ఇచ్చేవారు.

మామ మొదట్లో ఓపికగా చూసేవారు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. దున్నిన చేను దున్నినట్టే ఉంది. బోరు గంటసేపు కూడా నీళ్లు పోయడం లేదు. టమాటా మొక్కలు ఒక వరుస తడిపేలోపు ఇంకో వరుస వాడిపోయేది. ఒకరోజు నాకు బాగా నచ్చిన ఫోటో ఒకటి చూపించాను. నల్లటి మబ్బు, దాని అంచున రాగిరంగు వెలుగు. మా ఇళ్లలో మబ్బును మోడమంటాం. మామ ఫోను నాకు తిరిగిచ్చి నెమ్మదిగా అన్నారు:

"నిలవకుండా పొయ్యే మోడాన్ని బొమ్మ తీసి ఏం చేస్తావమ్మా? మధ్యాన్నం నుంచి దాన్నే చూస్తా కూర్చున్నాను. ఒక చుక్క రాల్చకుండా పోయింది."

ఆయన కోప్పడి ఉంటే నాకు అంత బాధ కలిగేది కాదు. మా నాన్నా సేద్యం చేసినవాడే, నాకు తోచకపోయిందే అని సిగ్గుపడ్డాను. ఆ తర్వాత ఫోటోలు తీయడం మానలేదు గాని ఇంట్లో చూపించడం మానేశాను.

రెండు నెలలు గడిచాయి. అత్తకు ఒంట్లో బాగాలేక, ఒక సంతరోజు మామతో నేనే కారిమంగళం పోయాను. ఆయన మోపెడ్ మీద తిరిగి వస్తుంటే సగం దారిలో గాలి ఉన్నట్టుండి చల్లబడింది. ఎదురుగా, మా ఊరి వైపు, ఆకాశం ఈ కొస నుంచి ఆ కొసకు నల్లబడి ఉంది. దాని కింది అంచు తెల్లగా చుట్ట చుట్టుకొని ముందుకు దొర్లుతోంది. అలాంటిది అంతవరకు నేను చూడలేదు. చెయ్యి సంచిలోని ఫోను మీదికి పోయింది. మామ వీపు చూసి వెనక్కి తీసుకున్నాను.

ఆయనే బండి ఆపారు. తల తిప్పకుండా, "ఫోను తెచ్చినావా?" అని అడిగారు.

తెచ్చానన్నాను.

"అయితే తియ్యమ్మా. ఇది నిలిచే మోడం. సీక్రంగా తియ్యి, వచ్చేస్తా ఉంది."

దిగి నాలుగు తీశాను. ఐదోది తీయబోతుంటే మామ చెయ్యి చాపి మా చేను ఏ దిక్కున ఉందో చూపించి, అది కూడా పడేట్టు తియ్యమన్నారు. అంత దూరం నుంచి చేను ఎక్కడ కనపడుతుంది? అయినా ఆ వైపుకే తీశాను. అంతలో లావు చినుకులు మొదలయ్యాయి. పక్కన రేకుల షెడ్డు ఉన్నా ఆయన బండి అటు తిప్పలేదు. తడుస్తూనే ఇల్లు చేరాం. దారంతా ఆయన ఏదో పాడుకుంటూనే ఉన్నారు, వాన చప్పుడులో నాకు మాటలు తెలియలేదు.

సంచి నిండా నీళ్లు. ఫోను వెలగలేదు. ధర్మపురిలో బాగుచేసే అతను రెండు రోజులు ఉంచుకొని, లోపలున్నవేవీ రావన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. మామ విని, "నేను చూసినాను, నువ్వు చూసినావు. చాలు కదమ్మా" అని పార తీసుకొని చేనికి పోయారు. ఆ వారమే వేరుశనగ విత్తాం.

మామ పోయి కొన్నేళ్లయింది. ఇప్పుడు మంచి కెమెరా ఉంది. సెలవుల్లో మా ఆయనా నేనూ కొండల దారులు పట్టి పోతుంటాం. మంచి మబ్బు కనిపిస్తే బండి ఆపిస్తాను. ఆపించి, ముందు దాని కింది చేలను చూస్తాను, దున్ని ఉన్నాయా, విత్తనం పడిందా అని. ఒక్కోసారి ఆలోగా వెలుగు మారిపోతుంది. మా ఆయన విసుక్కుంటారు.