దొర మాటకు మా మామ తర్జుమా

మా మేనమామకు విలాయతులో ఒక దొర ఉండేవాడు. చుట్టం కాదు, స్నేహితుడూ కాదు, పార్లమెంటు మెంబరు. ఆయన నోరు తెరిస్తే లండనులో ఎవరికో ఒకరికి కోపం వచ్చేది. నారాయణఖేడ్‌లో నాకు తలనొప్పి వచ్చేది.

మామ మిషన్ దవాఖానలో మున్షీగా పనిచేసి రిటైరయ్యాడు. రోగుల బాధను డాక్టరు దొరసానికి ఇంగ్లీషులో చెప్పడం, ఆమె మాటను వాళ్లకు తెలుగులోనో ఉర్దూలోనో, నాగల్‌గిద్ద వైపు వాళ్లయితే కన్నడంలోనో చెప్పడం ఆయన పని. అంతకుముందు, పడుచుతనంలో, ఈ దొర మా వైపు వేటకు వచ్చి డేరాలు వేస్తే దుబాసీగా ఆయన వెంట తిరిగాడట. వెళ్లేటప్పుడు దొర చెయ్యి కలిపాడట. ఊళ్లో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు.

అమ్మ పోయాక నేను మామ ఇంట్లోనే ఉండి, ఆడపిల్లల బడిలో పంతులమ్మనయ్యాను. పట్నం నుంచి ఇంగ్లీషు పేపరు పాతబడి వచ్చేది. పొద్దుగూకే వేళ మామ అరుగు మీద కూర్చుని దాన్ని పదిమందికీ తెలుగులో వినిపించేవాడు. లోపల కూర తరుగుతూ నేనూ వినేదాన్ని. అదే నా కష్టం. ఆ పేపరు నేను ముందే చదివి ఉండేదాన్ని.

ఒకసారి దొర, మిల్లు కూలీలు సోమరిపోతులనీ, జీతం పెంచితే తాగి తగలేస్తారనీ అన్నాడు. అక్కడ పెద్ద గోల అయింది. మామ చదివింది మాత్రం వేరు: "కూలోళ్ల పాణం గురించి దొర పరేషాన్ అయితుండు."

తర్వాత దొరకు చిన్న మంత్రి పదవి వచ్చింది. సభలో ఆడవాళ్లు కూర్చుంటే పని సాగదు, వాగుడు సాగుతుంది అన్నాడు. ఆ మాటకు పదవి పోయింది. మామ అరుగు మీద అది ఇలా మారింది: "ఆడోళ్లకు శ్రమ ఎక్కువైతుందని బాధపడి దొర నౌకరి ఇడిసిండు."

నాకు ఒళ్లు మండింది. అందరూ వెళ్లాక అడిగాను.

"మామా, పేపర్ల గట్ల లేదు గద!"

"నీకు భాష వచ్చు బిడ్డా, భావం రాదు," అన్నాడు తాపీగా.

యుద్ధం వచ్చింది. దొర మళ్లీ మంత్రి అయ్యాడు, ఈసారి పెద్ద మంత్రి. మామ వీధిలో ఛాతీ విరుచుకుని నడిచాడు, పదవి తనకే వచ్చినట్టు.

ఆ తర్వాతే కరువు. వానలు సరిగా పడలేదు. పండిన కొద్ది జొన్నలు లెవీ కింద సర్కారు పట్టుకుపోయింది. కంగ్టి వైపు పల్లెలు మూటలు నెత్తిన పెట్టుకుని కూలికి పోతున్నాయి. కల్హేర్ నుంచి ఒక రైతు సంతరోజున మా అరుగు దగ్గరకు వచ్చేవాడు. అతని పెద్దపిల్లను మామే దవాఖానకు తీసుకుపోయాడు, ఆయన కళ్లముందే పోయింది. చిన్నపిల్ల మిగిలింది. గింజల కబురు ఏదైనా పేపర్లో వస్తుందేమోనని వచ్చి కూర్చునేవాడు.

ఆ రోజు పేపర్లో దొర మాట ఉంది. హిందూదేశంలో జనం ఆలోచన లేకుండా పిల్లల్ని కంటారు, ఆకలికి పోయినవాళ్ల లెక్క ఏడాదిలో మళ్లీ కనేసి సరిచేస్తారు, అని. చదివి నేను పొయ్యి దగ్గర చాలాసేపు కూర్చుండిపోయాను.

పొద్దుగూకాక అరుగు మీద మామ గొంతు సవరించుకున్నాడు. "మన పిల్లల గురించి దొర మస్తు రంది పడుతుండు. గింజలు పంపుతనంటుండు."

రైతు ముందుకు జరిగాడు. "ఎప్పుడొస్తయట మున్షీ సాబ్?"

"జల్దీనే వస్తయి."

"అయితే ఆగుతం. రేపు పిల్లను తీస్కొని కూలికి ఎల్లిపోదామనుకున్నం. గింజలొస్తే ఇంకెందుకు పోవుడు?"

కత్తిపీట పక్కకు తోసి బయటికి వచ్చాను.

"గింజలు రావు. పేపర్ల గా మాటే లేదు. ఆగకుండ్రి, పోండ్రి," అన్నాను. ఉన్నది ఉన్నట్టు చదివి చెప్పాను.

రైతు లేచి తువ్వాల దులుపుకున్నాడు. దొరను ఒక్క మాట అనలేదు.

"ఆయన ఏడనో ఉన్నడు, ఏదో అన్నడు. మా పిల్ల సచ్చింది నువ్వు చూసినవ్ గద మున్షీ సాబ్. నువ్వెందుకు గిట్ల చెప్పినవ్?" అని వెళ్లిపోయాడు.

లోపలికి రాగానే మామ నా మీద విరుచుకుపడ్డాడు. "నలుగుట్ల నా ఇజ్జత్ తీసినవ్!"

"అసలు గా దొర నీకేం చేసిండు మామా? చెయ్యి కలిపితే ఇంత ఊడిగమా?"

మామ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు. వేటలో డప్పులు కొట్టి జంతువులను తరిమే మనుషులను దొర నోటికొచ్చినట్టు తిట్టేవాడట. ఉన్నది చెబితే వాళ్లు తిరగబడతారు, దొర చేతిలో తుపాకి ఉంది. అందుకని "దొర మిమ్ముల మెచ్చుకుంటుండు" అని చెప్పేవాడట.

"చెయ్యి కలిపింది నిజమే. కలిపి, దస్తీతోని తుడుసుకున్నడు."

"అది తెలిసీ ఇన్నేండ్లు ఆయన్ను మోసినవా?"

"మంచోడని ఊరంతా చెప్పిన బిడ్డా. ఆయన మంచోడు కాకుంటే నేను అబద్ధాలోణ్ణి ఐత గద."

అన్నం పెట్టాను. తిన్నాడు.

తర్వాత వచ్చిన పేపర్లో దొర, తన మాటలను పత్రికలవాళ్లు వక్రీకరించారన్నాడు. మామ పేపరు నేలకేసి కొట్టాడు. "వీళ్లేం మలిపిండ్రు? మలిపి మలిపి నా నోరు అరిగిపాయె!" నాకు నవ్వొచ్చింది గానీ మామ మొహం చూసి ఆపుకున్నాను. అరుగు మీదికి వచ్చేవాళ్లు తగ్గారు. యుద్ధం అయ్యాక ఎన్నికల్లో దొర ఓడిపోయాడు. ఆ ముక్క మామ మార్చకుండా చదివాడు. కొన్నాళ్లకు దొరకు బిరుదు ఇచ్చి పెద్దల సభలో కూర్చోబెట్టారు. అదీ ఉన్నది ఉన్నట్టే చదివాడు.

ఆ రైతు మర్నాడే పెళ్లాం పిల్లతో కూలికి వెళ్లిపోయాడని అప్పట్లోనే తెలిసింది. కరువు తగ్గాక తిరిగి వచ్చాడు. ఒక సంతరోజున కంది మూటల దగ్గర కనిపించాడు. పిల్ల పక్కనే నిలబడి బెల్లం నాకుతోంది. మామ నేరుగా వెళ్లి అతని ముందు నిలబడ్డాడు.

"నేను తప్పు చెప్పిన ఆ దినం," అన్నాడు.

"పోయినం, బతికినం," అన్నాడు రైతు. తర్వాత అడిగాడు: "లెవీ ఎప్పుడు బందైతదో పేపర్ల ఉన్నదా?"

"లేదు. నాకు తెల్వదు."

మామ నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు. మనసు తేలికై ఆయన పక్కన నడుస్తూ ఇంటిదారి పట్టాను. కొంతదూరం పోయాక ఆయన మళ్లీ గొంతు సవరించుకున్నాడు.

"ఏమన్న అను గని బిడ్డా, దొర ఇంగ్లీషు మాత్రం..."

నేను చెంగు బిగించుకుని ముందుకు నడిచాను.