కనకాంబరాలకు వల ముడి

గుడివాడలో మా షాపు తెరిచి లామినేషన్ మిషను ఆన్ చేయగానే ఒక వాసన వస్తుంది. కాలీ కాలని ప్లాస్టిక్కు, కాస్త జిగురు, వాటి మీద నిన్నటి దుమ్ము. నా దగ్గర పనిచేసే అమ్మాయి చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంటుంది. నాకు మాత్రం ఆ వాసన తగలగానే కనకాంబరాలు కళ్ళ ముందుకొస్తాయి. కనకాంబరానికి వాసనే ఉండదు కదా అని మీరు అనవచ్చు. నిజమే. వాసన లేని పువ్వు గుర్తుకు రావడానికి నాకు ఈ ప్లాస్టిక్కు వాసన కావలసి వచ్చింది.

బందరులో అనసూయ గారి స్టూడియో అచ్చం ఇలాగే ఉండేది. డిగ్రీ అయ్యాక నేను చేరిన మొదటి ఉద్యోగం అక్కడే. పాస్‌పోర్టు ఫోటోలూ పెళ్ళి ఆల్బములూ ఎవరైనా చేస్తారు. ఆవిడకి పేరు తెచ్చినవి పువ్వుల ఫోటోలు. మేడ మీద కుండీల్లో పూసినవాటిని పొద్దుటెండలో ఫోటో తీసి, కంప్యూటర్లో ఫిల్టరు వేసి, రంగులతో గీసిన బొమ్మల్లా మార్చి ఫ్రేము కట్టేవారు. గృహప్రవేశాలకు గోడ గడియారాలు ఇచ్చి ఇచ్చి విసిగిపోయినవాళ్ళు వీటికోసం వచ్చేవారు. ఎవరైనా మురిసిపోయి మీరే గీశారా అండీ అని అడిగితే, "కంప్యూటరు గీసిందండీ. నేను బుద్ధి చెప్పాను" అనేవారు. ఆవిడ పుట్టిల్లు పెడన. వాళ్ళ నాన్నగారు బట్ట మీద కలంకారీ అచ్చులు వేసేవారట. అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు కనబడకుండా పువ్వుని తీగ మీద నడిపించడం చూస్తూ పెరిగారు కాబట్టి, మీట నొక్కితే వచ్చేసే అందమంటే ఆవిడకి గిట్టేది కాదు.

నేనేమో మీట నొక్కడంలో ఘనురాలిని. చేరిన కొత్తలో ఒక చామంతి ఫోటో నాకిచ్చి బొమ్మ చేయమన్నారు. ఆయిల్ పెయింటు ఫిల్టరు పెట్టి, దాని మీటలన్నీ ఎక్కువకి లాగి, కాఫీ చల్లారేలోపు చూపించాను. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని చూశారు. "బంగారంలాంటి చామంతిని పట్టుకుని స్వెట్టరు అల్లావేంటమ్మాయ్?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. చెప్పొద్దూ, మళ్ళీ చూస్తే అది స్వెట్టరులానే ఉంది. ఆవిడ మేడ మీదికి వెళ్ళి అదే మొక్క నుంచి ఒక పువ్వు కోసుకొచ్చి, స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి మానిటరు పక్కన పెట్టారు. ఒక్కో రేకుని మొదలు నుంచి కొస దాకా వేలితో నిమిరి చూడమన్నారు.

"ఫిల్టరుకి వెలుగు ఎక్కడుందో తెలుసు. రేకు ఎటు పెరిగిందో తెలియదు. అది నువ్వు చెప్పాలి."

తర్వాత తనే కూర్చున్నారు. ఫోటోలో ఒక్కో రేకునీ విడదీసి, ఆ రేకు పెరిగిన వైపుకి కుంచె గీతల్ని తిప్పి, మళ్ళీ దాని చోట దాన్ని అమర్చారు. చామంతికి అన్ని రేకులుంటాయని నేనెన్నడూ ఆలోచించిన పాపాన పోలేదు. అన్నం క్యారియరు మూత కూడా తీయకుండా సాయంత్రం దాకా ఆ పని సాగింది. పూర్తయ్యాక తెర మీద చూస్తే, పువ్వు ఇప్పుడే విచ్చుకుని ఆగినట్టుంది. నేను గ్లాసులో పువ్వు వైపు చూశాను. పొద్దుటి నుంచీ నా ఎదురుగానే ఉన్న ఆ పువ్వుని నిజంగా చూడటం అప్పుడే మొదలైంది.

ఆవిడ పనితనం ఎంతటిదో నాగమణి వచ్చిన రోజున తెలిసింది. హంసలదీవి దగ్గర చేపలు పట్టే పల్లె ఆమెది. అవనిగడ్డలో బస్సు మారి వచ్చింది. వాళ్ళమ్మ పోయింది, ఎల్లుండి పెద్దకర్మ, దండ వేయడానికి పెద్ద ఫోటో కావాలి. ఆధారు కార్డులో ఫోటో ఉంది కదా అన్నాను. ఆ మొహం మా అమ్మది కాదండీ, ఆ మిషను ముందు భయపడి బిగుసుకుపోయిందండీ అంది. ఫోటో అంటే మొహం తిప్పేసుకునే మనిషట. చివరికి తన ఫోనులో ఒకటి చూపించింది. ఒడినిండా కనకాంబరాలు, వాటిని దారంతో కడుతున్న రెండు చేతులు. మొహం లేదు. పాత ఫోనులో తీసి, బంధువులందరి వాట్సాప్‌లూ తిరిగొచ్చేసరికి అది అగ్గిపెట్టె మీది బొమ్మంత మిగిలింది.

పెద్దది చేస్తే అంతా గళ్ళుగళ్ళుగా విడిపోతుందని నేను చెప్పేశాను. అనసూయ గారు ఫోను అందుకుని కాసేపు చూసి, ఫోటోగా అయితే పెరగదు గానీ బొమ్మగా పెరుగుతుందన్నారు. కుంచెతో వేసిన బొమ్మలో రంగు మరకే పువ్వవుతుంది కాబట్టి, గోడంత చేసినా ఎవరూ లోపం పట్టరని వివరించారు. నాగమణిని పక్కన కూర్చోబెట్టుకుని ఫిల్టరు వేశారు. కనకాంబరాలు తెరనిండా మంటల్లా లేచాయి. నేను బాగుందనబోయాను.

"మా అమ్మ వేళ్ళు ఏవండీ?" అంది నాగమణి.

లేవు. ఫిల్టరు వేళ్ళని కాడలనుకుని పువ్వుల్లో కలిపేసింది. ఫిల్టరు తీసేసి చూసినా, అసలు ఫోటోలో వేళ్ళ మధ్య ఉన్నది ఒక మసక మచ్చ. అక్కడ వేలు ఎటు వంగిందో, దారం ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. నాగమణి ఏడవలేదు. ఇక వెళ్ళిపోదామని సంచి ఒళ్ళోకి తీసుకుంది. ఆ సంచి చూసి నాకు ఏడుపొచ్చింది.

అనసూయ గారు నన్ను కోనేరు సెంటరుకి పంపి కనకాంబరాలు తెప్పించారు. వాటిని నాగమణి ఒళ్ళో పోసి, మీ అమ్మగారు ఎలా కట్టేవారో అలా కట్టమ్మా అన్నారు. నాగమణి నేల మీద కూర్చుని, దారం కొస కాలి బొటనవేలికి తగిలించి మొదలుపెట్టింది. మన ఇళ్ళల్లో కట్టినట్టు కాదు. చిటికెనవేలు మీదుగా ఒక ఉచ్చు, దానిలోంచి ఇంకో ఉచ్చు. అదేం ముడి అని అడిగాను.

"వల ముడండీ. మా అమ్మకి వలలు బాగుచేసి బాగుచేసి, పూలు కట్టినా అదే పడేది. నాకూ అదే వచ్చింది."

అనసూయ గారు ఆ చేతుల్ని చూస్తూ మౌసు కదిపారు. నాగమణి చిటికెనవేలు ఎటు వంగితే తెర మీద గీత అటు వంగింది. మసక మచ్చలోంచి ముందు ఉచ్చు వచ్చింది, తర్వాత వేలు వచ్చింది, ఆ వేలి చుట్టూ చెయ్యి వచ్చింది. పువ్వులకి ఫిల్టరుని ఉంచి, చేతుల మీద దాన్ని పూర్తిగా తుడిచేసి, గీత గీతనీ తనే వేశారు. గదిలో కూర్చున్న కూతురి చేతుల్లోంచి లేని తల్లి చేతులు బయటికి రావడం నేను కళ్ళారా చూశాను. బొమ్మలో చివరి ముడి మాత్రం ఇంకా వదులుగా ఉండిపోయింది. దాన్నీ బిగించేద్దామా మేడం అన్నాను.

"వద్దు. ఆవిడ ఇంకా కడుతోంది" అన్నారు.

నాగమణి ఆ బొమ్మ వేళ్ళని తన వేలితో ఒక్కొక్కటే తాకింది. నమస్కారం పెడదామని చేతులెత్తితే ఒళ్ళో దండ జారింది. దాన్ని అనసూయ గారు పట్టుకుని, ఫ్రేముకి వేయడానికి వేరే దండ కొనొద్దు, ఇదే వెయ్యమ్మా అని తడిగుడ్డలో చుట్టి ఇచ్చారు. బస్సు వేళ వరకూ నాగమణి మా దగ్గరే కూర్చుంది. ఆ ముడి నాకు నేర్పించింది.

అనసూయ గారు పోయి రెండేళ్ళవుతోంది. ఇప్పుడు ఫోనులో పువ్వు ఫోటో తీస్తే చాలు, బొమ్మ చేయనా అని అదే అడుగుతుంది. చేయమంటాను, నాకేం పంతం లేదు. అయితే ముందు ఆ పువ్వు రేకుని మొదలు నుంచి కొస దాకా ఒకసారి నిమురుతాను. మా షాపులో పనిచేసే అమ్మాయి మొదట్లో నవ్వేది. ఇప్పుడు తనూ నిమురుతోంది.

కౌంటరు వెనక గోడకి అనసూయ గారి ఫోటో ఉంది. దొరికినప్పుడల్లా కనకాంబరాలు తెచ్చి, ఆ వల ముడితోనే దండ కట్టి దానికి వేస్తాను. చివరి ముడి బిగించను. సాయంత్రానికి ఒకటో రెండో పువ్వులు కౌంటరు మీద రాలి ఉంటాయి. వాటిని ఏరి, మానిటరు పక్కన ఉన్న స్టీలు గ్లాసులో వేసి షట్టరు దించుతాను.