బురుజు దగ్గర నిమ్మకాయలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పొద్దున్నే పాలు పొంగేలోపే ఎవరో ఒకరి మీద అనుమానం పొంగేది. పాలాయన నీళ్లు కలిపాడనీ, ఇస్త్రీ ఆయన దుప్పటి మార్చాడనీ, ఎదురింటావిడ మన కొత్తిమీర కోసుకుపోయిందనీ మా నానమ్మ ఒకటే గొణుగుడు. నేను ఆమె పోలికే. ఈ వయసులో కూడా తాళం వేసి నాలుగడుగులు నడిచి, వెనక్కి వచ్చి లాగి చూసుకుంటాను. కాబట్టి అనుమానం తప్పు అని నీతులు చెప్పడానికి నేను కూర్చోలేదు.

తార్నాకలో మా ఇంటి వెనక గదిని అప్పట్లో ఒక అక్కకు అద్దెకిచ్చాం. ఆమెది బాపట్ల వైపు ఏదో ఊరు, తండ్రి బడిపంతులు. ఇక్కడ యూనివర్సిటీలో చరిత్ర చదువుకునేది. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్లేది. తక్కిన రోజుల్లో నాకు జడ వేసేది. నానమ్మ జడ వేస్తే కళ్లు పైకి గుంజుకుపోయేవి, అక్క వేస్తే వేసినట్టే తెలిసేది కాదు. ఆమె అంటే నాకు ప్రాణం.

యూనివర్సిటీ వెనక, లాలాపేట్ వైపు బండల మీద ఒక పాడుబడ్డ కోట ఉండేది. కోటంటే పెద్దదేం కాదు. సగం కూలిన గోడ, దాని మూలన ఒక బురుజు. ఏ కాలంలో ఎవరు కట్టారో మా గల్లీలో ఎవరికీ తెలియదు. కానీ అక్కడ లంకెబిందెలు ఉన్నాయని మాత్రం అందరికీ తెలుసు. నిమ్మకాయలు కోసి, పసుపు కుంకుమ చల్లి తవ్వితే బయటపడతాయట. తవ్వినవాళ్లకు బంగారం, చుట్టుపక్కల పిల్లలకు చేటు. అందుకే పిల్లలం ఆ వైపు వెళ్లకూడదు.

ఆ ఎండాకాలం అక్క రోజూ మధ్యాహ్నం చేతిసంచితో ఆ బండలవైపు వెళ్లడం మొదలుపెట్టింది. ఒకరోజు సంచి జారి మా గేటు ముందే నిమ్మకాయలు దొర్లాయి. అంతే. బురుజు కింద ఎవరో గుంత తవ్వారని అప్పటికే ఒక మాట తిరుగుతోంది. ఆ గుంతా ఈ నిమ్మకాయలూ కలిసిపోయాయి. అదే వారం ఎదురింటి పసివాడికి జ్వరం వచ్చింది. ఇక చెప్పాలా?

“సర్చికి పోయే పిల్లకు నిమ్మకాయలతోటి ఏం పని? ఇంట్ల పూజ లేదు, పునస్కారం లేదు. పచ్చడి కూడ పెట్టది” అని నానమ్మ తేల్చేసింది. సాయంత్రానికి గల్లీ ఆడవాళ్లంతా మా వాకిట్లో చేరి, ఆ పిల్లను ఖాళీ చేయించాల్సిందేనన్నారు. పరీక్షలు దగ్గర పడ్డాయి. ఒంటరి ఆడపిల్లకు అంత తొందరగా ఇంకో గది ఎవరిస్తారు? చదువు మధ్యలో వదిలి ఊరికి పోవాల్సిందే. అది నాకు కూడా అర్థమై ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, నిజంగానే తవ్వుతోందేమో అని కూడా అనుకున్నాను.

ఇల్లు తాతయ్యది, మాట తాతయ్యది. ఆయన చుట్ట ఆర్పి, “రేపు చూస్త” అని మాత్రం అన్నాడు.

మర్నాడు ఎండ చల్లబడ్డాక నన్ను రమ్మన్నాడు. భుజాన గడ్డపార, చేతిలో జాలీ సంచి. సంచిలో పచ్చగా, అందరికీ కనబడేలా నిమ్మకాయలు! దగ్గరి దారి వదిలేసి గల్లీ మొత్తం చుట్టి, కనబడ్డవాళ్లందరినీ పేరు పెట్టి పలకరిస్తూ నడిచాడు. గడ్డపార ఎందుకు తాతా అని అడిగితే, “చేతులు ఖాళీగుంటే నాకు నడక రాదు బిడ్డా” అన్నాడు. కిటికీ రెక్కలు ఒక్కొక్కటే తెరుచుకోవడం నేను చూశాను.

బురుజు దగ్గర నిజంగానే గుంత ఉంది. కానీ అందులో నా మోకాలంత ఎత్తున సీతాఫలం మొక్క మొలిచి ఉంది. ఏ కాలం నాటి గుంతో! గల్లీ గల్లీ అంతా దాని గురించి మాట్లాడింది కానీ, ఒక్కరూ వచ్చి చూసిన పాపాన పోలేదు.

అక్క పైన మెట్ల నీడలో కూర్చుని గోడ బొమ్మ గీసుకుంటోంది. “అయ్యో తాతగారూ, ఇంత దూరం ఎందుకొచ్చారండీ!” అంటూ సీసాలోని నీళ్లలో నిమ్మకాయ పిండి, ఉప్పేసి మా ఇద్దరికీ ఇచ్చింది. నిమ్మకాయల రహస్యం అంతే, వడదెబ్బ తగలకుండా. తర్వాత మమ్మల్ని బురుజులోకి తీసుకెళ్లి గోడలోని సందులు చూపించింది. లోపలివైపు వెడల్పు, బయటివైపు బెత్తెడు. లోపల నిలబడ్డవాడికి వచ్చేపోయేవాళ్లు కనబడతారు, వాడు మాత్రం ఎవరికీ కనబడడు. తాతయ్య ఒక సందులో కన్ను పెట్టి చాలాసేపు చూసి, “గిది మన గల్లీ లెక్కనే ఉన్నది” అన్నాడు. అక్కకు ఆ మాట అర్థం కాలేదు. ఆయన చెప్పనూ లేదు.

మేం ఇల్లు చేరేసరికి మాకంటే ముందే వార్త చేరింది. తాతయ్యకు బిందె దొరికిందట. ఒకటి కాదు, రెండట. వాకిలి నిండా జనం. ఏమీ లేనట్టు నవ్వుతున్నారు కానీ చూపులన్నీ సంచి మీదే. తాతయ్య గడ్డపార గోడకానించి అరుగు మీద కూర్చున్నాడు.

“మట్టి అంటిందేమో చూడున్రి దానికి. నిమ్మకాయలు నేను గూడ పట్కపోయిన. ఆ పిల్ల ఖాళీ చెయ్యాల్నంటే ముందుగాల నేను చెయ్యాలె. చెప్పున్రి, ఎన్నడు పోదాం?”

ఆయన లోపలికి కేకేసి ఆ నిమ్మకాయలతోనే అందరికీ షర్బత్ చేయించాడు. నానమ్మ తన గ్లాసు వాసన చూసి, నాతో ఒక గుక్క తాగించి, అప్పుడు తాగింది. అక్క పరీక్షలు రాసే వెళ్లింది. వెళ్లేరోజు నానమ్మే ఆమెకు నిమ్మకాయ పచ్చడి జాడీ కట్టిచ్చింది. అయినా, షర్బత్ తాగినరోజు రాత్రి గడ్డపార కొసను నానమ్మ వేలితో తడిమి చూడటం నేను చూశాను.

నిన్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో గేటు దగ్గరి కెమెరాలోంచి తీసిన ఒక ఫోటో పెట్టారు. మూడో అంతస్తులో కొత్తగా దిగిన అమ్మాయి రోజూ సాయంత్రం పెద్ద నల్లసంచితో ఎటో వెళ్తోందట. కింద తలా ఒక మాట. అబద్ధమెందుకు, నాకూ అనుమానం వచ్చింది. అనుమానం రావడం నా చేతుల్లో లేదు. కానీ అది వచ్చినప్పుడల్లా ఆ సీతాఫలం మొక్క కూడా కళ్లముందుకు వస్తుంది.

అటక మీది నల్లసంచి దింపి దులిపి పెట్టుకున్నాను. ఇవాళ ఆ అమ్మాయి బయల్దేరే వేళకు నేనూ కిందికి దిగుతాను. కెమెరాకు బాగా కనబడేలా, సంచి భుజాన వేసుకుని ఆమె పక్కనే నడుస్తాను.