ఒక్క ముక్క చెప్పొచ్చుగా

నిన్న మస్కట్‌లో స్నేహితురాలి ఇంట్లో టీవీ సీరియల్ నడుస్తోంది. కోడలు నిజం చెప్పబోయేసరికి ఎవరో తలుపు తట్టారు. ఆమె నోరు మూసుకుంది. నా చిన్నప్పుడు ఇలాంటి చోటే అమ్మకు ఒళ్లు మండిపోయేది. "ఒక్క ముక్క చెప్పి చావొచ్చుగా" అని వెల్లుల్లి వలుస్తూ టీవీని తిట్టేది. నేనూ వంత పాడేదాన్ని.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, మేముండే మస్కట్ దగ్గర రుసైల్‌లో నాన్న పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది. నెలరోజులుగా ఆయన ఇంట్లోనే ఉన్నారు. అయినా కాకినాడ నుంచి అమ్మమ్మ ఫోన్ చేస్తే అమ్మ, "ఆయన డ్యూటీకెళ్లారమ్మా" అనేది. పక్కనే నాన్న తల వంచుకునేవారు. నాకది అచ్చం సీరియల్‌లాగే అనిపించి విసుగొచ్చింది. ఒకరోజు ఫోన్ లాక్కున్నాను.

"అమ్మమ్మా, నాన్న ఇక్కడే ఉన్నారు. ఉద్యోగం పోయింది."

"తెలుసే తల్లీ. మీ అమ్మ గొంతు వింటే నాకు తెలీదా? తనే చెప్తుందని చూస్తున్నాను. ఫోన్ అమ్మకివ్వు" అంది అమ్మమ్మ.

అమ్మ ఫోన్ అందుకుని "ఊ, ఊ" అంటూనే ఏడ్చేసింది. నన్ను తిట్టలేదు. కథ ముగించేశానని నేను సంబరపడ్డాను. ఆ అబద్ధం ఆడడానికి అమ్మ, నమ్మినట్టు ఉండడానికి అమ్మమ్మ ఎంత కష్టపడ్డారో పెద్దయ్యాకే అర్థమైంది.