ముందే పుచ్చుకున్న క్షమాపణ

ఫిజీ రాజధాని సువాలో మంత్రుల కార్లు నడిపే నెమానీ జుట్టు నెరిసింది. చెరకు లారీల మీద చెయ్యి తిరిగాక సర్కారు కొలువులో కుదిరిన మనిషి. పాత మంత్రివర్గం దిగిపోయి కొత్తది గద్దెనెక్కాక, శివ్‌నాథ్ అనే మంత్రికి డ్రైవరయ్యాడు. ఆయన వెనక సీట్లో కూర్చునే రకం కాదు. ముందు కూర్చుని, తన రొట్టెలో సగం తుంచి ఇస్తాడు. మంత్రుల్లో ఇండియావాళ్లు ఎక్కువయ్యారని నెమానీ లాంటి ఆదినుంచీ ఉన్న ఫిజీవాళ్లలో గొణుగుడు మొదలైంది. చర్చి మెట్ల మీద నెమానీ కనబడితే మాటలు ఆగిపోతున్నాయి.

ఒక సాయంత్రం చెల్లెలి కొడుకు ఎమోసి వచ్చాడు. పట్టాళంలో సిపాయి, నెమానీ చేతుల మీద పెరిగినవాడు. అక్కడి ఆచారం ప్రకారం మేనమామ దొడ్లో పందినైనా అడక్కుండా తోలుకుపోయే హక్కున్నవాడు, బతిమాలడమే ఎరగడు. అలాంటివాడు చాప మీద మోకాళ్లతో పాక్కుంటూ వచ్చి, తిమింగలం దంతాన్ని రెండు చేతులా పట్టి తల వంచాడు.

"తప్పు కాయి మామయ్యా."

"ఎవరి పిల్లరా?" నవ్వింది నెమానీ భార్య లితియా.

ఎమోసి నవ్వలేదు. దంతం పుచ్చుకుంటే మన్నించినట్టే, ఆపైన తగువెత్తకూడదు. తోసేస్తే చుట్టరికం తెగినట్టు. ఆడపిల్ల గొడవే అయ్యుంటుందనుకుని నెమానీ చేతులు చాచాడు.

"ఇప్పుడు చెప్పు. ఏం చేశావు?"

"ఇంకా చెయ్యలేదు. రేపు నువ్వు కారు దిగకు మామయ్యా. ఏం జరిగినా దిగకు."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. వీడు కాళ్లు ముందే కడుక్కుని, తొక్కడం రేపటికి పెట్టుకున్నాడు.

తెల్లారి శివ్‌నాథ్‌తో పార్లమెంటుకు పోయే దారంతా నెమానీ ఎటూ తేల్చుకోలేకపోయాడు. చెబితే మేనల్లుడి మెడకు ఉరి. చెప్పకపోతే పక్కనున్న మనిషి ఏమవుతాడో.

"సార్, ఒంట్లో బాగోలేదని ఇంటికి పోదామా?"

"ఎవరికయ్యా, నీకా నాకా? అప్పుడే బడి ఎగ్గొడితే మా ఆవిడే నాచేత రాజీనామా చేయిస్తుంది."

గేటు వచ్చేదాకా వ్యవధి ఉంది. నెమానీ చెప్పలేదు. దాన్ని పిరికితనం అనక ఏమనాలి.

పొద్దెక్కాక ముసుగుల సిపాయిలు మంత్రులందరినీ వరసగా నడిపించుకొచ్చి లారీ ఎక్కించారు. శివ్‌నాథ్ ఒక్కసారి కారు వైపు చూశాడు. ఆయన వీపున తుపాకీ ఆనించినవాడి మొహం కనబడలేదు గానీ నడక కనబడింది. అచ్చం నెమానీ చెల్లెలి నడక. నెమానీ కారు దిగలేదు.

కొన్నాళ్లకు మంత్రులను వదిలారు. మంత్రివర్గం మాత్రం మళ్లీ లేదు. శివ్‌నాథ్ చిక్కి సగమై, నెమానీ ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు.

"నిన్నేమీ చెయ్యలేదు గదా? లోపలున్నన్నాళ్లూ అదే బెంగ నాకు."

నెమానీ సిగ్గుతో చచ్చిపోయాడు. లోపలికెళ్లి, ఆ దంతమే తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని అందించాడు. శివ్‌నాథ్ కూడా ఆ గడ్డ మీద పుట్టినవాడే, దంతం ఎందుకిస్తారో తెలుసు. కంగారుపడుతూనే రెండు చేతులా పుచ్చుకున్నాడు. పుచ్చుకున్నాక అడిగాడు.

"దేనికి నెమానీ?"

నెమానీ అంతా చెప్పాడు, మేనల్లుడి పేరు తప్ప. వీధిలో పట్టాళం లారీ ఒకటి నెమ్మదిగా పోతోంది. అది మలుపు తిరిగేదాకా శివ్‌నాథ్ దంతం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"పుచ్చుకున్నాను గదా," అన్నాడు చివరికి.

నెమానీ మొహం మాత్రం చూడలేదు.