నీడ అడిగితే ఉల్లిగడ్డ ఇచ్చాను

ఒక మాట ఏళ్ళుగా నా గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మా ఆవిడకు చెబుదామని రెండు మూడుసార్లు నోరు తెరిచాను. తెరిచిన నోటితో మంచినీళ్ళు ఇమ్మని అడిగి ఊరుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పేరు మాత్రం అడగకండి.

తొంభైల మొదట్లో నేను ఒమన్‌లో ఉన్నాను. మస్కట్ దగ్గర అల్ అమెరాత్‌లో మా కంపెనీ ఇళ్ళు కడుతుండేది. చుట్టూ బోడికొండలు. ఎండ ఆకాశం నుంచి ఒకసారి, కొండల మీది నుంచి మరోసారి కొట్టేది. గ్లౌజు వేసుకుని పట్టుకున్నా ఇనప రాడ్డు చురుక్కుమనేది. ఎండాకాలం మధ్యాహ్నం పని ఆపాలన్న పద్ధతి అప్పట్లో మా సైట్‌లో లేదు. అన్నం తిన్నంత సేపే నీడ.

సైట్ మొత్తానికి నీడపట్టున ఉండే పని ఒక్కటే ఉండేది. నీళ్ళ డ్యూటీ. ప్లైవుడ్ ముక్కలతో కట్టిన చిన్న షెడ్డులో కూర్చుని, ట్యాంకర్ నీళ్ళు క్యాన్లలో పట్టి, క్యాన్లకు గోనెపట్టా చుట్టి, అది ఆరిపోకుండా తడుపుతూ ఉండాలి. పైన పనిచేసేవాళ్ళకు నీళ్ళు అందించాలి. ఎవరికైనా కళ్ళు తిరిగినా, ఒంటి మీద చెమట ఆగిపోయినా కిందికి దించి ఫోర్‌మన్‌కు చెప్పాలి. కాలికి మేకు దిగితే ఆ డ్యూటీ నాకిచ్చారు. కొన్నాళ్ళకు కాలు మానింది. కుంటడం మాత్రం మానలేదు. ఫోర్‌మన్ కనపడితే ఇంకాస్త ఎక్కువ కుంటేవాణ్ణి. ఇది రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. ఆ వెంటనే సిగ్గేస్తోంది.

రాజలింగు మా జిల్లావాడే. ఊరు దాటి అదే మొదటిసారి రావడం. రాడ్ బైండింగ్, అంటే స్లాబు రాడ్లను తీగతో కట్టే పని. చెయ్యి చాలా చురుకు, అతను తీగ మెలివేస్తుంటే చూడబుద్ధేసేది. హిందీ మాత్రం ఒక్క ముక్క రాదు. నేను అంతకు ముందు బొంబాయిలో పనిచేసి ఉండటం వల్ల హిందీ బాగానే వచ్చు. మా ఫోర్‌మన్ పాకిస్తానీ. అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. ఆయనకు తెలుగు రాదు. కాబట్టి మావాళ్ళకూ ఆయనకూ మధ్య ఏ మాట నడవాలన్నా అది నా నోటి మీదుగానే నడిచేది. అదొక పెద్దరికంలా ఉండేది నాకు. అన్నా, జర చెప్పవా అని అందరూ నా చుట్టూ తిరిగేవాళ్ళు.

ఆ రోజు గాలి కూడా లేదు. అన్నాలయ్యాక పని మళ్ళీ మొదలైన కాసేపటికి రాజలింగు నిచ్చెన దిగి షెడ్డు దగ్గరికి వచ్చాడు. ముఖం ఎర్రగా, ఎండిపోయి ఉంది.

"అన్నా, చెమట వస్తలేదు. ఒళ్ళంత కాలుతాంది. కండ్లకు చీకట్లొస్తున్నయ్. గడిసేపు నీడకు కూసుంట. ఉస్తాద్‌కు జర చెప్పవా?"

అంతలో ఉస్తాద్ అటే వచ్చాడు. ఏమంటున్నాడని నన్ను హిందీలో అడిగాడు. చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? వీడికి చెమట ఆగిపోయింది, అంతే. కానీ రాజలింగు షెడ్డులో కూర్చుంటే అతని పనికి ఎవరో ఒకరు పైకి ఎక్కాలి. ఎక్కాల్సింది ఎవరో నాకు తెలుసు. నా కాలు ఎంత బాగుందో అప్పటికే ఉస్తాద్ కనిపెట్టాడని కూడా తెలుసు.

"నీళ్ళు అడుగుతున్నాడు ఉస్తాద్" అన్నాను.

ఆయన నా మాట పట్టించుకోలేదు. రాజలింగు ముఖంలోకి చూశాడు, మెడ మీద చెయ్యి వేసి చూశాడు. అతణ్ణి నీడలో కూర్చోబెట్టమని, అతని బదులు నన్ను పైకి ఎక్కమని హిందీలో చెప్పాడు. కాలు మానింది కదా అని కూడా అన్నాడు. ఇంతలో గేటు దగ్గర సిమెంటు లారీ హారన్ కొడితే అటు వెళ్ళిపోయాడు.

"ఏమన్నడన్నా?" అని అడిగాడు రాజలింగు.

"ఒప్పుకుంటలేడు తమ్మీ. రేపు స్లాబు పోసుడున్నదట. ఇయ్యాలనే కట్టుడు అయిపోవాలన్నడు."

అతను కదల్లేదు. షెడ్డులో పరిచిన తడి గోనెపట్టా వైపు చూస్తూ నిలబడ్డాడు. రొట్టెల్లోకి తెచ్చుకున్న ఉల్లిగడ్డలు నా దగ్గర ఉంటే ఒకటి తీసి అతని అంగీ జేబులో పెట్టాను. మా వైపు వడదెబ్బ తగలకుండా అలా పెట్టుకుంటారు. ఇంట్లో పెద్దవాళ్ళు పెట్టినట్టే పెట్టాను.

"ఇది జేబుల ఉండనియ్. ఏం కాదు. పో."

"మంచిదన్నా" అని, నిచ్చెన ఎక్కాడు.

తెలియక చేశానా? ఎన్నోసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. ఉల్లిగడ్డ కాపాడుతుందని నేను నిజంగా నమ్మి ఉంటే కొంతైనా ఊరట ఉండేది. నమ్మలేదు. చెమట ఆగితే ఏమవుతుందో తెలుసు, అది చూడటమే నా డ్యూటీ. నేనేం అతని మీద కక్ష పెట్టుకోలేదు. అతనంటే ఇష్టమే. ఎండంటే భయం, అంతే. అంత చిన్న భయానికి ఒక మనిషిని ఆ నిచ్చెన ఎక్కించానా అంటే, ఎక్కించాను.

కాసేపటికే పైన కేకలు వినిపించాయి. రాడ్ల మీద పడిపోయాడు. ఇనుము తగిలినచోట ఒళ్ళు ఒక పక్కంతా కాలింది. అప్పుడు నేను కుంటలేదు. పరుగెత్తుకుంటూ ఎక్కాను, నలుగురం కలిసి దించాం, ఉన్న క్యాన్లన్నీ అతని మీద కుమ్మరించి, తడి గోనెపట్టాలు కప్పి, కంపెనీ పికప్‌లో ఆసుపత్రికి తీసుకెళ్ళేదాకా అట్టముక్కతో విసురుతూనే ఉన్నాను. అతనికి ఫిట్స్ వస్తుంటే నా తొడ మీద తల పెట్టి పట్టుకున్నాను. బతకాలని మొక్కుకున్నాను. ఎవరి కోసం మొక్కుకున్నానో ఇప్పటికీ సరిగా చెప్పలేను.

బతికాడు. కానీ మాట ముద్దగా అయిపోయింది. నడిస్తే తూలేవాడు. అంత చురుకైన చేతులు గ్లాసు పట్టుకున్నా వణికేవి. నడవగలిగాక కంపెనీ ఇంటికి పంపేసింది.

జేబులో ఉల్లిగడ్డ మెత్తబడిపోయిందని మావాళ్ళలో ఎవరో చూశారు. ఎండనంతా అదే గుంజుకుందని, లేకపోతే అక్కడికక్కడే పోయేవాడని రూమ్‌లో చెప్పుకున్నారు. అన్న పెట్టిన ఉల్లిగడ్డ కాపాడిందన్నారు. నేను కాదనలేదు.

ఉస్తాద్ నన్ను పక్కకు పిలిచి, కూర్చోబెట్టమన్నాను కదా అని అడిగాడు. చెప్పినా వినలేదు ఉస్తాద్, తానే ఎక్కాడు అన్నాను. ఆయన గేటు వైపు ఒకసారి చూశాడు. నేనే దగ్గరుండి చూడాల్సింది అన్నాడు. ఆ తర్వాత ఎండ ముదిరితే తనే పైకెక్కి ఒక్కొక్కరినీ చూసి, అలసినవాణ్ణి చెయ్యి పట్టుకుని దించేవాడు. నా అబద్ధమే విన్న మావాళ్ళ లెక్కలో మాత్రం ఆయన నీడ అడిగిన మనిషిని ఎండలోకి తోసిన పాపిష్టివాడు. పలకరిస్తే పలికేవాళ్ళు కాదు. ఈద్‌కు ఖర్జూరాలు పళ్ళెంలో పెట్టుకుని మా రూమ్‌కు తెస్తే ఒక్కరూ ముట్టలేదు. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యేట్టు చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను కూడా ముట్టలేదు. ఆయన ముఖం చూడలేక చెప్పులు వెతుకుతున్నట్టు నటించాను.

ఒమన్ వదిలి వచ్చేశాక కూడా రాజలింగు ఇంటికి అప్పుడప్పుడు వెళ్తూనే ఉన్నాను. వెళ్ళకపోతే అనుమానిస్తారేమోనని మొదట్లో వెళ్ళాను. తర్వాత వెళ్ళకుండా ఉండలేక వెళ్ళాను. అతని భార్య పోశవ్వ బీడీలు చుడుతుంది. అతను పక్కన కూర్చుని ఆకు కత్తిరించబోతే చెయ్యి వణికి చిరిగిపోతుంది. ఆమె ఆ ఆకు తీసి పక్కన పడేస్తుంది. నేను వెళ్తే మాత్రం ఇద్దరి ముఖాలూ వెలుగుతాయి. ఎవరొచ్చినా, ఈ అన్నే నన్ను బతికిచ్చిండు అని ఆ ముద్దమాటతోనే చెబుతాడు. నేను తల వంచుకుంటే వినయమనుకుంటారు.

మొన్న ఎండాకాలం అతని తమ్ముడి కొడుకు శంకర్ ఒమన్ బయలుదేరాడు. అక్కడ సహం అనే ఊళ్ళో కన్‌స్ట్రక్షన్ పని. బయలుదేరేముందు పోశవ్వ లోపలినుంచి ఒక ఉల్లిగడ్డ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నీ చేతితోని ఇయ్యన్నా. నీ చెయ్యి మంచిది. పొల్లగానికి ఎండ తాకది."

అందరూ చూస్తున్నారు. రాజలింగు నవ్వుతున్నాడు. నేనేం చేశానంటే, ఇచ్చాను. మళ్ళీ ఇచ్చాను. ఇచ్చి, శంకర్‌ను వాకిట్లోకి తీసుకెళ్ళి, దీన్ని నమ్ముకోకు, నీళ్ళు తాగు, చెమట ఆగిందంటే ఎవరినీ అడగకుండా పోయి నీడలో కూర్చో అన్నాను. నీ మాట ఇంకొకరి చేత చెప్పించకు, నాలుగు ముక్కలు హిందీ నేర్చుకో అన్నాను. అతను తలూపాడు. ఉల్లిగడ్డను మాత్రం కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. నా సలహా కంటే నా చేతి మీదే వాడికి నమ్మకం.

వాడికి నిజం చెప్పి ఉంటే ఆ ఉల్లిగడ్డ అక్కడే పడేసేవాడు. చెప్పలేదు. ఇది రాస్తే నా తప్పు తరగదని తెలుసు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. రాజలింగు ముందు నిలబడి ఈ మాట అనే ధైర్యం నాకు వస్తుందో రాదో కూడా తెలియదు. కానీ అతను ఆ రోజు అడిగిన దానికి ఇంతవరకూ జవాబు చెప్పలేదు నేను. ఏమన్నడన్నా అని అడిగాడు. ఉస్తాద్ అన్న మాటను తెలుగులోకి తెచ్చి ఇచ్చే పని నాది. కనీసం ఈ కాగితం మీదైనా ఆ పని పూర్తి చేస్తాను.

తమ్మీ, నిన్ను నీడకు కూసోమన్నడు. మీదికి నన్ను పొమ్మన్నడు.